కాఫీకి కొత్త పెట్టిన ఏడాది

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, అక్టోబరు మొదటి సోమవారం నాడు నేను అరకులో ఉద్యోగంలో చేరాను. హోదా శిక్షణాధికారి, నాణ్యతా విభాగం. ఆ విభాగంలో ఇంకెవరూ లేరు కాబట్టి విభాగాధిపతినీ నేనే, బంట్రోతునీ నేనే. అప్పటికి కాఫీ కంపెనీల్లో ముప్పై రెండేళ్ళు పనిచేసి, రిటైరై, అనకాపల్లిలో ఇంటి పట్టున కూర్చుని, మా ఆవిడ ఇచ్చే కాఫీకి రోజూ వందకు ఇన్నని మార్కులు వేస్తున్నాను. ఈ ఉద్యోగం ప్రకటన పేపర్లో చూసి, కత్తిరించి, నా కళ్ళజోడు కింద పెట్టింది ఆవిడే.

సంస్థ సంగతి కొంచెం చెప్పాలి. అది ధర్మసంస్థ కాదు, అలాగని మామూలు కంపెనీ కూడా కాదు. కొండ రైతుల దగ్గర కాఫీ పండ్లు కొని, గింజ తీసి, ఎండబెట్టి, వేయించి అమ్ముతుంది. మిగిలిన దాంతో ఎక్కడా పని దొరకనివాళ్ళకు పని నేర్పుతుంది. బడి మధ్యలో మానేసినవాళ్ళు, మొగుడు వదిలేసినవాళ్ళు, కాలో చెయ్యో సరిగా లేనివాళ్ళు, జైలుకు వెళ్ళి వచ్చినవాళ్ళు మా దగ్గరికి వచ్చేవారు. మేనేజరు సునీత రాజమండ్రి అమ్మాయి. నాకంటే ముప్పై ఏళ్ళు చిన్నది, నాకు పై అధికారి. చేరిన రోజే, జనవరి మధ్యకల్లా ఆరుగురిని కప్పర్లుగా తయారుచెయ్యాలంది. అన్నాళ్ళలో చెంచా పట్టుకోవడం వస్తుంది, అంతకంటే రాదన్నాను. అయితే ముందు చెంచా పట్టించండి మాస్టారూ అని నవ్వేసి వెళ్ళిపోయింది.

కప్పర్ అంటే కాఫీ రుచి చూసి తీర్పు చెప్పేవాడు. కొనేవాడు బస్తా చూసి కొనడు, కప్పర్ రాసిన కాగితం చూసి కొంటాడు. పద్ధతి ఇదీ. గింజను లేతగా వేయించి, బరకగా పొడి కొట్టి, తూకం ప్రకారం గిన్నెల్లో వేస్తారు. పొడిగా ఉండగానే ఒకసారి వాసన చూస్తారు. మరిగి దిగిన నీళ్ళు పోసి నాలుగు నిమిషాలు ఆగుతారు. పైన పొడి మీగడలా కడుతుంది. దాన్ని చెంచా వెనకతో చీల్చి, ముక్కు దాదాపు గిన్నెలో ముంచి రెండోసారి వాసన చూస్తారు. ఆ తర్వాత చెంచాడు తీసుకుని పక్కగదికి వినిపించేలా జుర్రున లాగాలి. చప్పుడు వస్తేనే కాఫీ నోరంతా పరుచుకుంటుంది. లాగినది మింగకూడదు, ఉమ్మెయ్యాలి. రోజుకు వంద గిన్నెలు మింగినవాడు ఆ రాత్రి నిద్రపోడు, మర్నాడు తీర్పు చెప్పలేడు.

నా ఆరుగురికీ వచ్చిన మొదటి ఇబ్బంది, వాళ్ళలో ఎవరూ పుట్టి బుద్ధెరిగి కాఫీ తాగలేదు. ఇళ్ళ వెనక తోటలున్నాయి. తాతల నాటి నుంచి పండ్లు కోసి అమ్ముతున్నారు. తాగేది మాత్రం పొద్దున చోడి అంబలి, అంటే రాగి జావ, సాయంత్రం టీ. ఇంత చేదు వస్తువుని ఎవరో లారీలు పెట్టి కొనుక్కెళ్తున్నారంటే, ఏ మందుల్లోకో వాడతారు కాబోలనుకున్నారట. మొదటి చెంచా నోట్లో పోసుకుని ఒక్కొక్కరూ పెట్టిన మొహాలు ఇంకా నా కళ్ళముందున్నాయి.

రెండో ఇబ్బంది నాది. రుచులకు మా వృత్తిలో ఒక రంగుల చక్రం ఉంటుంది. దాని మీద ఉన్న పండ్లలో సగం నేను కూడా బొమ్మల్లోనే చూశాను. ఆ చక్రం గోడకు తగిలించి, ఈ గిన్నెలో ఏ పండు తెలుస్తోందో చెప్పమన్నాను. చివరన నిలబడ్డ ఒకావిడ, "ఆ పళ్ళేటో నాకు తెలవదు మాస్టారూ. ఇది మాత్రం కాల్చిన పనసగింజ పై తొక్క," అంది. పక్క గిన్నె వాసన చూసి, "ఇది కొత్త కుండలో పోసిన నీళ్ళు," అంది. మూడోది చూసి మొహం తిప్పేసుకుని, "వానకి తడిసిన కోడి," అంది. నేను వెళ్ళి చూశాను. నిజంగానే తడిసిన కోడి. ఆ బస్తా ఎండబెట్టేటప్పుడు చినుకు పడిందని తర్వాత తెలిసింది. చక్రం పీకేసి బీరువా వెనక పెట్టాను.

ఆవిడ పేరు దాలిమ్మ. ముప్పై అయిదేళ్ళుంటాయి. అక్టోబరు ఎండలోనూ చెవులకు ఉన్ని మఫ్లరు చుట్టుకుని వచ్చేది. గదిలో ఎవరైనా తుమ్మితే చేట దూరం కాదు, చేను దూరం పోయి నిలబడేది. ఎందుకంత భయమని అడిగితే, "పడిసం నా కొంప ముంచినాది మాస్టారూ," అని కథ చెప్పింది. బస్సులో వెళ్తుంటే, కింద మైదానం నుంచి సరుకు కొనడానికొచ్చే ఒకాయన చింతపండు సంచి ఒకటి ఆమె ఒళ్ళో పెట్టి, ఆమె దిగే చోట తన మనిషి వచ్చి తీసుకుంటాడని చెప్పి దిగిపోయాడు. పైనున్నది చింతపండే. కిందనున్నది గంజాయి. చెక్‌పోస్టులో పోలీసు కుక్క వచ్చి సంచి ముందు కూర్చుంది. "ఆ రోజు నాకు పడిసం. లేపోతే ఆ కుక్క కన్నా ముందు నానే పట్టేద్దును," అంది. కేసు చివరికి కొట్టేశారు. ఆ చివర రావడానికి రెండేళ్ళు పట్టింది, ఆ రెండేళ్ళూ ఆమె జైల్లోనే ఉంది.

బయటికొచ్చాక రిసార్టుల్లో గదులు తుడిచే పనికి వెళ్తే, పోలీసు వెరిఫికేషను అనగానే కాగితం వెనక్కిచ్చేవారు. కొట్టేసిన కేసని ఎవరికి చెప్పినా, కేసు అన్న మాట దగ్గరే వినడం ఆపేసేవారు. ఆమెను ఏమీ అడగకుండా వెనక్కి తీసుకున్నది ఒక్క సొంతూరే. ఊరివాళ్ళు చెయ్యాల్సిన శుద్ధి ఏదో చేసి, ఆ ఏడాది పండగ భోజనంలో అందరితోపాటు వరసలో కూర్చోబెట్టారట. ఆ వరస గురించి చెప్పేటప్పుడు ఆమె ఎప్పుడూ తమాషా చెయ్యలేదు.

నవంబరు చివర ఒక అవకాశం వచ్చింది. విశాఖలో కాఫీ ఎగుమతి చేసే ఒక కంపెనీ ల్యాబులో సహాయ కప్పర్ ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. పరీక్షలో నెగ్గితే మా వాళ్ళలో ఒకరిని తీసుకుంటామన్నారు. ల్యాబుకు పెద్ద మూర్తి. పాతికేళ్ళ కిందట నా దగ్గర ట్రైనీ. అతని చేత నేను చెంచాలు కడిగించాను. ఇప్పుడు అతను చీఫ్ కప్పర్, నేను అతని ముందు అభ్యర్థిని నిలబెట్టే మనిషిని. మేము పంపే మనిషి దాలిమ్మే అని నేనూ సునీతా ఒక్క నిమిషంలో తేల్చుకున్నాం. జైలు సంగతి అవతలివాళ్ళు అడిగితే తప్ప మనంతట మనం ఎత్తొద్దని సునీత అందరికీ గట్టిగా చెప్పింది. పరీక్ష జనవరి రెండో గురువారం, మా దగ్గరే. గిన్నెల్లో పోసేది ఈ ఏడాది పంట.

అక్కడే వచ్చింది తంటా. అప్పటిదాకా మేము సాధన చేసింది నిరుటి గింజలతో. పరీక్ష వారం సోమవారం నాడు కొత్త పంట నమూనాలు వేయించి బల్ల మీద పెట్టాను. దాలిమ్మ పొడి వాసన చూసింది, మీగడ చీల్చి చూసింది, చెంచా మాత్రం బల్ల మీద పెట్టేసి చేతులు కట్టుకుంది.

"కొత్త కాలేదు మాస్టారూ," అంది.

కొత్త అంటే కొండల్లో ఒక కట్టుబాటు. మామిడైనా, చిక్కుడైనా, సామలైనా, ఆ ఏడాది పంటను ముందు ఊరి దేవతకు పెట్టాలి. పెట్టేదాకా ఊళ్ళో ఎవరూ నోట్లో వేసుకోరు. ఏ రోజు పెట్టాలో దిసారి చెబుతాడు. దిసారి అంటే ఊరికి పూజారి, పంచాంగం, రెండూ. ఇదంతా నాకు తెలుసు. కానీ కాఫీకి కొత్త పెట్టగా నేను ఎన్నడూ వినలేదు.

"ఇన్నేళ్ళూ కాఫీకి పెట్టారా?" అన్నాను.

"లేదు."

"మరి ఇప్పుడేమిటి?"

"ఇన్నేళ్ళూ మేం తాగినామా ఏటి?"

తాగనిదానికి కొత్త అక్కర్లేదు. మేమే తాగడం నేర్పాం, కాబట్టి మేమే ఈ చిక్కు తెచ్చాం. మా ఆరుగురిలో ఇద్దరు చర్చికి వెళ్ళేవాళ్ళు, వాళ్ళకు ఈ పట్టింపు లేదు. అరకు బజారులో పుట్టి పెరిగిన ఇద్దరికీ లేదు. మిగిలింది దాలిమ్మా, ఆమె ఊరిదే ఇంకో పిల్లా. ఆ పిల్ల కూడా దాలిమ్మను చూసి చెంచా కింద పెట్టేసింది.

నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. తినడమంటే మింగడం కదా, మనం మింగం, ఉమ్మేస్తాం, కాబట్టి తిన్నట్టు కాదు అని వకీలులా వాదించాను. దాలిమ్మ నావైపు జాలిగా చూసింది.

"అమ్మోరికి ఎట్టాల్సిన పంటని ముందుగాల నోట్లో ఎట్టుకుని, థూ అని ఉమ్మేత్తానా? మింగితే ఒక తప్పు మాస్టారూ. ఉమ్మితే రెండు."

సునీత కూడా ప్రయత్నించింది. ఈ ఉద్యోగం పోతే ఇలాంటిది మళ్ళీ రాదని మెల్లగా చెప్పింది. "ఉద్దోగం పోతే ఇంకోటి సూసుకుంతాను మేడమ్. ఊరు పోతే ఇంకో ఊరు ఎక్కడుంది నాకు?" అంది దాలిమ్మ. ఆ మాటకు నా వకీలు బుద్ధికి నిజంగా సిగ్గేసింది.

మర్నాడు వాళ్ళ ఊరు వెళ్ళాను. జీపు దిగి గంటన్నర నడక. దిసారి వాకిట్లో వెదురు తట్ట అల్లుతున్నాడు. నన్ను నువ్వు అనే పిలిచాడు. ఆ కొండల్లో పెద్దవాళ్ళు కలెక్టరునైనా అలాగే పిలుస్తారు కాబట్టి నేను పెద్దగా పట్టించుకోలేదు, కొంచెం పట్టించుకున్నాను. విషయం చెప్పాను. నేను చూసిన ఏ ఆడిటరూ అంత క్రమంగా ప్రశ్నలు వెయ్యలేదు.

"ఇది అమ్మోరిచ్చిన పంటా, గవర్నమెంటిచ్చిన పంటా?"

మొక్క గవర్నమెంటుది, వాన అమ్మవారిది అన్నాను. జవాబు అతనికి నచ్చినట్టే ఉంది.

"పండు తింతారా, గింజ తింతారా?"

గింజ అన్నాను. వేయించి పొడి చేసి నీళ్ళలో వేస్తారని చెప్పాను. అతను తట్ట పక్కన పెట్టి ఆలోచించాడు.

"గింజే అయితే సిక్కుడుతో పాటు ఎట్టొచ్చు. ఏరే కొత్త అక్కర్లేదు. శనివారం సిక్కుడు కొత్త."

పరీక్ష గురువారం. బుధవారానికి జరపలేమా అని అడిగాను.

"శుక్రవారం సంత కాకుండా కొత్త ఎలాగవుద్ది? కోడి నువ్వు తెత్తావా?"

తెస్తానన్నాను. పది తెస్తానన్నాను.

"కోళ్ళు తెత్తావు. కూలికి కిందకి దిగినోళ్ళని తెత్తావా? ఆళ్ళు సంతకి కదా వత్తారు. ఇదేటి రైలు బండి అనుకున్నావా, ముందుకీ ఎనక్కీ తొయ్యడానికి?"

వచ్చేటప్పుడు సిగ్నలు దొరికిన మలుపులో ఆగి మూర్తికి ఫోను చేశాను. సోమవారానికి మార్చమని అడిగాను. "సార్, శుక్రవారం మా నమూనాలు ఓడకు వెళ్ళిపోతాయి, నియామకానికి గడువు గురువారంతో ముగుస్తుంది. ఇది నా చేతుల్లో లేదు," అన్నాడు. దిసారికీ చీఫ్ కప్పర్‌కీ మధ్య అంత పోలిక ఉంటుందని నేను ఊహించలేదు. ఇద్దరి మీదా సమానంగా కోపం వచ్చింది.

గురువారం ఉదయం మూర్తి గోధుమరంగు పెట్టె, సీలు వేసిన కవరు పట్టుకుని దిగాడు. పరీక్ష పేరు త్రికోణం. వరసకు మూడు గిన్నెలు. రెండింట్లో ఒకే కాఫీ, మూడోదాంట్లో వేరేది. ఆ వేరేదాన్ని పట్టాలి. ఇలాంటివి ఐదు వరసలు, నాలుగు సరిగ్గా వస్తే నెగ్గినట్టు. జవాబులు కవర్లో ఉంటాయి. ఆనవాయితీ ప్రకారం శిక్షకుడు కూడా విడిగా అదే పరీక్ష రాస్తాడు. నేనూ ఒక కాగితం తీసుకున్నాను.

దాలిమ్మ తను వాసనే చూస్తానని, రుచి చూడనని ముందే చెప్పింది. మూర్తి నావైపు తిరిగి, రుచి చూడని కప్పర్‌ని నేనెక్కడా వినలేదు సార్ అన్నాడు. నియమాల కాగితం తీసి చూపించాను. వేరే గిన్నెను గుర్తించాలి అని ఉంది. ఎలా గుర్తించాలో లేదు. అతను రెండుసార్లు చదివాడు. కాగితం అక్షరం అక్షరం చదవడం నా దగ్గర నేర్చుకున్నవాడే కాబట్టి ఒప్పుకోక తప్పలేదు. పాస్ మార్కు మాత్రం తగ్గించనన్నాడు. అన్నీ ఈ ఏడాది పంటే, ప్రాంతాలు మాత్రమే తేడా అని ప్రకటించి గడియారం నొక్కాడు.

మొదటి నాలుగు వరసలూ ఆమె వంగి వాసన చూస్తూ, చీలుస్తూ, ఒక్కో వరసలో ఒక గిన్నె ముందు చీటీ పెడుతూ దాటింది. అయిదో వరస దగ్గర ఆగిపోయింది. మూడు గిన్నెలూ చూసింది. మళ్ళీ చూసింది. మఫ్లరు విప్పి భుజాన వేసుకుంది. మధ్య గిన్నె దగ్గరికి వెళ్ళడం, వెనక్కి రావడం. కాఫీ చల్లారుతోంది. నేను నా రాత ముగించి గోడకు ఆనుకున్నాను.

అప్పుడు దాలిమ్మ చెంచా తీసుకుంది. మధ్య గిన్నెలో ముంచి, నేను నేర్పినట్టే, పక్కగదిలో టైపు చేస్తున్న సునీతకు వినపడేలా జుర్రున లాగి, ఉమ్మింది.

బెంచీ మీద కూర్చున్న ఆమె ఊరి పిల్ల "అమ్మో!" అని లేచి నిలబడింది. ఎల్లుండి కొత్త పెట్టుకుని ఈవేళ ఇదేం పని అని ఆ మొహం అంతా రాసి ఉంది. మూర్తి గడియారం ఆపి, రుచి చూడనన్నావు కదా అని అడిగాడు.

"కొత్తది సూడనన్నాను. ఇది పాతది. నిరుటిది."

"అన్నీ ఈ ఏటివే అని చెప్పాను కదమ్మా."

"మీరు సెప్పినారు సార్. గిన్నె ఒప్పుకోడం లేదు."

మూర్తి వదల్లేదు. గోనెసంచి వాసన తగిలి పాతదనుకుంటున్నావేమో, అది కొత్త గింజకూ పడుతుంది కదా అన్నాడు. సరైన ప్రశ్నే. దాలిమ్మ తల అడ్డంగా ఊపింది. "గోనె వాసన పైనుంతాది. ఇది లోపల ఒట్టిపోనాది. అటక మీద మిగిలిపోయిన సోడిపిండి లాగ. నోట్లో కూడా అదే ఉంది, సూడండి," అని చెంచా అతనికే ఇచ్చింది.

తప్పయితే ఉద్యోగం ఒక్కటే పోయేది కాదు. కొత్త కాకముందే కొత్త పంట నోట్లో పెట్టి ఉమ్మినదై, శనివారం వరసలో ఆమెకు చోటుండేది కాదు. ఆ సంగతి ఆ గదిలో మూర్తికి తప్ప అందరికీ తెలుసు.

కవరు చింపారు. మధ్య గిన్నె నిరుటి పంట. మూర్తి తన ల్యాబులో మిగిలిన పాత గింజను కావాలని తెచ్చి, అన్నీ కొత్తవే అని అబద్ధం చెప్పి, కలిపాడు. ఈ ఎత్తు మా వృత్తిలో పాతదే. అతనికి నేర్పింది నేనే. నేనేమో ఆ గిన్నె చప్పగా ఉందని పట్టి, నీళ్ళ దోషమని రాసి, ఎడమ పక్క గిన్నె వేరేదని తేల్చాను. ఆ ఉదయం ఉప్మాలోకి ఆవకాయ వేసుకున్నాను. పరీక్ష రోజున ఉల్లి, వెల్లుల్లి, ఊరగాయ నిషిద్ధం అని గోడకు బోర్డు తగిలించింది కూడా నేనే.

దాలిమ్మకు అయిదుకు నాలుగు వచ్చాయి. మూడో వరస పోయింది. అందులో తేడా పులుపులో మాత్రమే ఉంది, అది ముక్కుకు అందదు. నాకు అయిదుకు మూడు. నియమాల ప్రకారం నేను ఫెయిలు. మూర్తి నా కాగితాన్ని ఎంతో మర్యాదగా మడిచి నా చేతికే ఇచ్చాడు.

ఆ తర్వాత దరఖాస్తు ఫారం నింపుతూ, ఈ ముక్కు ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని సరదాగా అడిగాడు. సునీత తలుపు దగ్గర నుంచి కళ్ళతో సైగలు చేస్తోంది. దాలిమ్మ చూసింది, చూడనట్టు ఊరుకుంది.

"పోలీసు కుక్క దగ్గర సార్. ఒకపాలి నన్ను పట్టింది. రెండేళ్ళు లోపలున్నాను. కేసు కొట్టీసినారు. ఆ రోజు నాకు పడిసం, లేపోతే ఆ సంచి ముట్టుకోను."

సునీత కళ్ళు మూసుకుంది. మూర్తి కలం పక్కన పెట్టాడు. కొట్టేసిన కాగితం ఉందా అన్నాడు. ఉందంది. ఎప్పుడూ వెంటే ఉంచుకుంటుందట, మడతల దగ్గర చిరిగి ఉంది. చదివి, దాని కాపీ ఫారానికి జతచేసి, "ఆ కుక్కకు ట్రైనింగు ఎన్నాళ్ళిస్తారో తెలుసా?" అని అడిగాడు. ఆర్నెల్లంట సార్ అంది. "మీ మాస్టారు మూడున్నర నెలల్లో చేశారు," అన్నాడు. నా జీవితంలో వచ్చిన ప్రశంసల్లో అది ఎలాంటిదో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

శనివారం నన్ను కొత్తకు పిలిచారు. చిక్కుడు గింజల పక్కన ఆకు దొన్నెలో వేయించని కాఫీ గింజలు, ఇంకో దొన్నెలో నేను కాచిన కాఫీ పెట్టారు. పూజయ్యాక దిసారి మొదటి గుక్క తాగాడు. మింగాడు. దొన్నెలోకి ఇంకోసారి చూశాడు. "దీనికా నువ్వు అంత దూరం నడిసొచ్చావు?" అన్నాడు. భోజనాల వరసలో దాలిమ్మ నాకు రెండాకుల అవతల కూర్చుంది.

నేను అక్కడ ఇంకో రెండేళ్ళు పనిచేశాను. శిక్షణ పద్ధతిలో రెండు మార్పులు రాసి సునీత చేత సంతకం పెట్టించాను. మొదటి నెల ఎవరికీ చెంచా ఇవ్వకూడదు, ముక్కుతోనే పని. జనవరి పరీక్షల తేదీలు వేసే ముందు దిసారికి కబురు పంపాలి. విశాఖ ల్యాబులో ఇప్పుడు కూడా కొత్త అయ్యేదాకా దాలిమ్మ ఈ ఏడు గింజను నోట పెట్టదు. పాత పంట కలిసిందన్న అనుమానం ఉన్న గిన్నెలు మాత్రం ముందు ఆమె బల్లకే వెళ్తాయి.

ముప్పై రెండేళ్ళు నేను తీర్పులు చెప్పి జీతం తీసుకున్నాను. తప్పు చెబితే నాకు పోయిందేమీ లేదు, ఇంకో చెంచా ముంచేవాణ్ణి. ఆ గురువారం దాలిమ్మకు ఉన్నది ఒకే చెంచా, దాని మీద ఊరంతా ఉంది. తీర్పు అంటే అదని నాకు రిటైరయ్యాక తెలిసింది. అనకాపల్లి తిరిగి వచ్చాక మా ఆవిడ కాఫీకి మార్కులు వెయ్యడం మానేశాను.